ఏసీ గదులు సరే, పిల్ల అన్నం తిన్నదో లేదో ఎవరు చూస్తారు?

అనంతపురంలో ఇంటర్నేషనల్ స్కూల్ అంటే ఏది మంచిదని మా అంగడికి వచ్చేవాళ్లు తరచూ అడుగుతుంటారు. సప్తగిరి సర్కిల్ దగ్గర మాది స్పేర్‌పార్ట్స్ అంగడి. పాప ఏడో తరగతి, బెంగళూరు హైవే వైపున్న ఒక స్కూల్లో ఇది రెండో ఏడాది. ఇంకా అక్కడే చదువుతోంది కాబట్టి పేరు రాయను. స్విమ్మింగ్ పూల్, స్మార్ట్ బోర్డుల సంగతి కూడా రాయను. పిల్లల మనసు బాగోగులు ఎట్లా చూస్తున్నారన్నదే చెబుతా.

అడ్మిషన్ రోజు 'పాస్టోరల్ కేర్' ఉంటుందన్నారు. నాకు చర్చి పాస్టర్ గుర్తొచ్చి "రోజూ ప్రేయర్ ఉంటుందా మేడమ్?" అని అడిగేశాను. ప్రిన్సిపాల్ నవ్వి, పిల్లల బాగోగులు కనిపెట్టుకుని చూసుకోవడమని, ఆ మాట గొర్రెల కాపరి నుంచి వచ్చిందని చెప్పారు. మా నాయన గొర్రెలు కాసినవాడే. సాయంత్రం మందను దొడ్డికి తోలేటప్పుడు ఆయన లెక్కపెట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఊరికే నిలబడి చూసేవాడు, ఏది రాలేదో, ఏది కుంటుతోందో చెప్పేసేవాడు. సరే, వీళ్లెట్లా కాస్తారో చూద్దామనుకున్నా.

పాత స్కూల్లో నెల నెలా మార్కులు చూసి సెక్షన్లు మార్చేవాళ్లు. సెక్షన్ మారిన రోజు పాపకు జ్వరమే. ఇక్కడ ఆ బాధ లేదు. పద్దెనిమిది మంది పిల్లలకు ఒక మెంటర్ మేడమ్. పొద్దున పావుగంట పాఠం ఉండదు, ఊరికే మాట్లాడుకుంటారు. మొదట్లో ఫీజు దండగ అనిపించింది.

పోయిన నవంబరులో మా అమ్మ చనిపోయింది. పాపకు అవ్వంటే ప్రాణం. దినాలు అయ్యాక మళ్లీ స్కూలుకు పంపాం. ఏడవలేదు, హోమ్‌వర్క్ చేసుకుంటోంది, బాగానే ఉందనుకున్నాం. ఒకరోజు బస్సు ఆయమ్మ బ్యాగు అందిస్తూ, "అన్నా, నాలుగు దినాల నుంచి పాప క్యారియర్ బరువు తగ్గట్లేదు. మెంటర్ మేడమ్‌కి కూడా చెప్పినా" అంది. మా ఆవిడ రోజూ ఆ క్యారియర్ కడుగుతోంది కదా అంటారా? బస్సు దిగి ఇంటికి వచ్చేలోపు పాప అన్నం పారబోసేదట.

ఆ రాత్రే మెంటర్ ఫోన్ చేశారు. ఉపన్యాసం ఇవ్వలేదు. "అవ్వ ఉన్నప్పుడు క్యారియర్ ఎవరు కట్టేవాళ్లు సార్?" అని ఒక్కటే అడిగారు. అవ్వే. పై గిన్నెలో రోజూ ఒక శెనక్కాయల ఉండ కాగితంలో చుట్టి పెట్టేది. తినేటప్పుడు మూత తీస్తే అది ఉండదని పాప స్కూల్లో మూతే తీయలేదు. మాకెవరికీ తట్టలేదు. తర్వాత పది రోజులు ఆ మేడమ్ తన డబ్బా తెచ్చుకుని పాప పక్కనే కూర్చుని తిన్నారు. ఇంతకుమించి ఏం చేశారో నాకు తెలీదు, పాప చెప్పదు. ఇప్పుడు క్యారియర్ ఖాళీగా వస్తోంది.

ఇక తిట్టాల్సినవి. బ్రోచర్లో మొదటి పేజీలో ఫోటో ఉన్న కౌన్సెలర్ వచ్చేది మంగళ, శుక్రవారాలే. ఆ గది ఫీజు కౌంటర్ పక్కన, అద్దాల తలుపుతో ఉంది. లోపల పిల్ల ఏడిస్తే ఫీజు లైన్లో ఉన్నవాళ్లందరికీ కనబడుతుంది. పైగా మైకులో పేరు పిలిచి రమ్మనేవాళ్లు, క్లాసంతా తిరిగి చూసేది. నేను గట్టిగా మాట్లాడాక మైకు మానేసి చీటీ పంపుతున్నారు. అద్దానికి కర్టెన్ మాత్రం ఇంకా రాలేదు. సోమవారం సోమవారం ట్యాబ్‌లో 'ఈ వారం ఎలా ఉన్నావు' అని బొమ్మ నొక్కిస్తారు. "ఏడుపు బొమ్మ నొక్కితే ఇంటికి ఫోన్ పోతుంది నాన్నా, అందుకే అందరం నవ్వే నొక్కుతాం" అంది పాప. యాప్‌కి ఎంత పోశారో!

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి, టీచర్లకే కాదు, మిగతా సిబ్బందికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి అని అందులో ఉంది. మీటింగులో ఆయమ్మకు శిక్షణ ఇచ్చారా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే టెలి మానస్ 14416, పిల్లలకు ఆపదొస్తే చేసే చైల్డ్‌లైన్ 1098 నంబర్లు మాత్రం మెట్ల దగ్గర పెద్దగా అంటించారు. ఇంగ్లీషులోనే. 14416లో తెలుగులో మాట్లాడతారు, మరి బోర్డు తెలుగులో ఉంటే ఏం పోయింది?

అయిదుకు మూడున్నర ఇస్తాను. అందులో మూడు మెంటర్‌కి, ఆయమ్మకి. స్కూలు చూడటానికి వెళ్లేవాళ్లు బుధవారమో గురువారమో వెళ్లండి. కౌన్సెలర్ గదికి తాళం ఉంటుంది. ఈరోజు పిల్లకు ఏడుపొస్తే ఎవరి దగ్గరకు పోతుందని అక్కడే నిలబడి అడగండి.