జేబులో మోగే గోల్: స్కోర్ యాప్ గురించి ఇన్నేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను, ఈ యాప్‌ని నేను ఫోన్‌లో ఉంచుకున్నది గోల్ అలర్ట్ కోసమే. పాయింట్ల పట్టిక, ఆటగాళ్ల రేటింగులు, ఎవరు ఏ క్లబ్‌కి పోతున్నారన్న వార్తలు ఏ యాప్‌లోనైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. యాప్ పేరు కూడా రాయడం లేదు. ఈ రకం యాప్‌లు ప్లే స్టోర్‌లో చాలా ఉన్నాయి, పద్ధతి దాదాపు ఒకటే. ఇష్టమైన జట్టు పక్కన నక్షత్రం నొక్కి వదిలేస్తే, ఆ జట్టు మ్యాచ్‌లో గోల్ పడగానే ఫోన్ మోగుతుంది.

నా పని గురించి చెప్పకపోతే దీని మీద నాకున్న ఇష్టం అర్థం కాదు. విజయవాడ సూర్యారావుపేటలో మా బాబాయి మందుల షాపులో ఫార్మసిస్టుని. ఆ పేట సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎటు చూసినా ఆసుపత్రులు, క్లినిక్‌లు. డాక్టర్ల సాయంత్రం ఓపీ జోరు మీద ఉండే వేళకే, రాత్రి 7:30కి, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలవుతుంది. కౌంటర్ మీదికి నాలుగైదు చీటీలు ఒకేసారి వస్తుంటే లైవ్ చూడటం కుదిరే పని కాదు. చూడాలనుకోవడం కూడా తప్పే, చేతిలో ఉన్నవి మందులు. పది మాత్రల స్ట్రిప్‌లోంచి ఆరు కత్తిరించి, కవర్ మీద ఉదయం ఒకటి రాత్రి ఒకటి అని రాస్తుంటే చొక్కా జేబులో విజిల్ మోత వినిపిస్తుంది. అది గోల్. కవర్ చేతికిచ్చి చిల్లర లెక్కపెట్టాకే ఫోన్ తీస్తాను. ఆ కాసేపు ఎవరు కొట్టారో తెలియని టెన్షన్ ఉంటుందే, మ్యాచ్‌లో నా వాటా అదే. ఫుట్‌బాల్ అంటే ఏ మాత్రం తెలియని మా బాబాయి కూడా విజిల్ వినగానే, "ఏరా, మనవాళ్లేనా?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు.

మనవాళ్లంటే హైదరాబాద్ ఎఫ్‌సీ. విజయవాడలో కూర్చుని దేశీ ఫుట్‌బాల్ లీగ్ చూసేవాడికి అప్పట్లో దగ్గరలో ఉన్న ఐఎస్ఎల్ జట్టు అదొక్కటే కదా. గచ్చిబౌలికి పోయి చూడాలంటే మ్యాచ్ అయ్యాక రాత్రి బస్సు పట్టుకుని తెల్లవారుజామున దిగాలి, నాకు ఎప్పుడో తప్ప వీలు పడేది కాదు. 2019-20లో, వాళ్ల మొదటి సీజన్‌లోనే, పట్టికలో చివరన నిలిచారు. తర్వాత మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చి కుర్రాళ్లని నమ్ముకుని జట్టుని నిలబెట్టాడు. 2021-22లో బార్తలోమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లో విజిల్ మోగితే ఫోన్ తీయకుండానే బాబాయికి అతని పేరు చెప్పేసేవాణ్ణి, చాలాసార్లు నిజమయ్యేది.

ఆ సీజన్ ఫైనల్ రోజు జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. ఈ యాప్‌ని ఇంతకాలం తీసేయకుండా ఉంచడానికి కారణం అదే.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్‌కి, కేరళ బ్లాస్టర్స్‌కి ఫైనల్. కోవిడ్ కారణంగా మ్యాచ్‌లన్నీ గోవాలోనే ఖాళీ గ్యాలరీల ముందు ఆడించారు, ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిచ్చారు. కేరళ అభిమానులు స్టాండ్లని పసుపుతో నింపేశారు. మైదానంలో పసుపు వేసుకున్నది హైదరాబాద్, కేరళ వాళ్లు నలుపులో ఆడారు. ఆదివారం సాయంత్రం మా దగ్గర ఓపీలు ఉండవు, అయినా పక్క నర్సింగ్ హోమ్ కోసం షాపు తెరిచే ఉంచుతాం. అందుకని ఆ ఒక్క రోజు ఫోన్‌ని బిల్లింగ్ కంప్యూటర్‌కి ఆనించి పెట్టి లైవ్ చూడగలిగాను.

లైవ్‌లో బంతి ఇంకా మధ్యలోనే తిరుగుతుండగా స్క్రీన్ పైనుంచి అలర్ట్ దిగింది: 68వ నిమిషం, కేరళ 1, రాహుల్ కె.పి. అరనిమిషం పోయాక గానీ బొమ్మలో ఆ షాట్ రాలేదు. మన గోల్‌కీపర్ కట్టిమణి చేతులకి తగిలి మరీ లోపలికి పోయింది. గోల్ పడబోతోందని తెలిసి, ఆపలేడని తెలిసి, ఆ కీపర్ ముఖం చూస్తూ ఉండటం చాలా కష్టంగా అనిపించింది.

ఆ తర్వాత కాసేపటికి నర్సింగ్ హోమ్ నుంచి సిస్టర్ ఒకామె ఐవీ సెట్లు, కాన్యులాల కోసం చీటీ పట్టుకొచ్చింది. కొట్టాయం అమ్మాయి, తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఫోన్ వైపు చూసి, "అన్నా, ఫైనలా? మావాళ్లెంత?" అంది. ఒకటి సున్నా అన్నాను. ముఖం వెలిగిపోయింది. సామాను లెక్కపెట్టి కవర్‌లో వేస్తుండగా మళ్లీ విజిల్. ఫోన్ ఆమె వైపే ఉంది, ముందు ఆమే చదివింది: 88వ నిమిషం, సాహిల్ తవోరా. "అయ్యో" అంటూ కౌంటర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పెనాల్టీ బాక్స్ బయట నుంచి తవోరా కొట్టిన వాలీ బొమ్మలోకి వచ్చేసరికి బాబాయితో కలిపి ముగ్గురం ఫోన్ చుట్టూ చేరాం. వార్డులో సామాను ఇచ్చేసి, డ్యూటీ దిగగానే మళ్లీ వచ్చింది. అప్పటికి అదనపు సమయం కూడా అయిపోయి పెనాల్టీలు మొదలవుతున్నాయి.

సరిగ్గా అప్పుడే లైవ్ ఆగిపోయింది. గుండ్రంగా తిరుగుతూనే ఉంది, కదలదు. మూసి తెరిచినా అంతే. ఇక మిగిలింది అలర్టులే. ముందు కేరళ, తర్వాత మనవాళ్లు, వంతులవారీగా. లెస్కోవిచ్ మిస్. జొవావ్ విక్టర్ గోల్. నిషు కుమార్ మిస్. నేను గట్టిగా అరిచాను, సిస్టర్ తల పట్టుకుంది. ఇంతలో ఆ మిస్ అన్న గుర్తు మాయమైంది. పెనాల్టీల వరుసలో అతని పేరు ఎదురుగా ఖాళీ గడి. "తప్పు చూపించింది అన్నా, గోల్ అయ్యుంటుంది" అంది ఆమె. యాప్ గుడ్డిగా ఏదో పెట్టేసిందని నాకూ అనిపించింది. మళ్లీ విజిల్ మోగింది, మళ్లీ అదే పేరు, మళ్లీ మిస్. ఒకే మనిషి రెండుసార్లు ఎలా మిస్ చేస్తాడో ముగ్గురికీ అర్థం కాలేదు. సివెరియో మిస్, ఆయుష్ అధికారి గోల్, కమారా గోల్, జీక్సన్ మిస్. ఆఖరున హాలిచరణ్ నార్జరీ గోల్. పెనాల్టీల్లో 3-1. హైదరాబాద్ ఐఎస్ఎల్ ఛాంపియన్.

రాత్రి ఇంటికెళ్లి రీప్లే చూస్తే గానీ ఆ ఖాళీ గడి సంగతి తేలలేదు. నిషు కుమార్ కొట్టిన బంతిని కట్టిమణి ఆపాడు. కీపర్ గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. రెండోదీ ఆపాడు. యాప్ చూపించింది అక్షరాలా అదే, జరిగినది జరిగినట్టు. 68వ నిమిషంలో చేతికి తగిలిన బంతిని వదిలేసిన ఆ లక్ష్మీకాంత్ కట్టిమణే షూటౌట్‌లో ముగ్గురిని ఆపి కప్పు తెచ్చాడు. బొమ్మ లేకుండా, వ్యాఖ్యానం లేకుండా, వట్టి పేర్లతో అంత ఉత్కంఠ కలుగుతుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. సిస్టర్ వెళ్తూ, "వచ్చే ఏడాది మాదే అన్నా" అంది. బాబాయి ఆమెకి కూల్‌డ్రింక్ తాగించి గానీ పంపలేదు.

ఆ రాత్రి ఐదుకి ఐదు నక్షత్రాలు ఇచ్చి, పెద్ద రివ్యూ రాశాను. తర్వాతి సీజన్లలో కొన్ని సంగతులు తెలిశాయి.

మొదటిది, మన గోల్‌కీ ఎదుటివాళ్ల గోల్‌కీ విజిల్ ఒకటే. జట్టు బాగున్నన్నాళ్లూ అది సరదాగానే ఉంది. 2023-24లో డబ్బు ఇబ్బందులతో క్లబ్ కుదేలైంది, విదేశీ ఆటగాళ్లు, పేరున్న మనవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లు ఆ సీజన్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచారు. విజిల్ మోగితే ఎదుటివాళ్లదే అని చూడకుండా చెప్పొచ్చు. బాబాయి అడగడం మానేశాడు. రెండు రకాల మోతలు పెట్టుకునే వీలు ఒక్కటి ఇచ్చి ఉంటే ఆ సీజన్ కాస్త తేలిగ్గా గడిచేది. ఇప్పటికీ ఇవ్వలేదు.

రెండోది, అలర్ట్ వేగం అన్ని పోటీలకీ ఒకలా లేదు. ఐఎస్ఎల్‌కి కింది స్థాయి పోటీ అయిన ఐ-లీగ్‌లో శ్రీనిధి దక్కన్ 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది, మంచి జట్టు. ఆ మ్యాచ్‌లు ఎక్కువగా మధ్యాహ్నం వేళ, షాపు ఖాళీగా ఉన్నప్పుడు జరిగేవి. లైవ్‌లో గోల్ చూసి, టీ తాగి వచ్చాక అలర్ట్ మోగిన సందర్భాలు ఉన్నాయి. కబడ్డీకైతే ఇది పనికిరాదు, తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లో పాయింటు పాయింటుకీ మోగదు, మోగినా భరించలేం. బ్యాడ్మింటన్‌కి మాత్రం గేమ్ గేమ్‌కీ వస్తుంది, చాలు. 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్, సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ చేతిలో ఓడి రజతంతో తిరిగొచ్చినప్పుడు, ఆ రెండు గేముల స్కోర్లూ నాకు ఈ యాప్ నుంచే అందాయి.

ఇంకో మాట, కొత్తగా పెట్టుకునేవాళ్లకి పనికొస్తుంది. చాలా ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఇలాంటి యాప్‌లని వెనక నుంచి ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కి ఆటోస్టార్ట్ ఇచ్చి, బ్యాటరీ పరిమితి తీసేయాలి. లేకపోతే మ్యాచ్ అయ్యాక యాప్ తెరిచినప్పుడు గోల్స్ అన్నీ ఒకేసారి మోగుతాయి.

ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. నా కోపం వేరే దాని మీద.

2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అది యాప్ తప్పు కాదు. కోచ్ రహీం సాబ్‌ని, ఆటగాడు తులసీదాస్ బలరాంని భారత ఫుట్‌బాల్‌కి ఇచ్చిన ఊరికి ఐఎస్ఎల్ జట్టు లేకుండా పోవడం బాధే, దాన్ని ఈ రివ్యూలో తేల్చలేం. తర్వాత లీగే నిలిచిపోయి, ఆలస్యంగా 2026 ఫిబ్రవరి 14న మొదలైంది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం షాపులో విజిల్ మోగింది. ఫోన్ తీసి చూస్తే ఢిల్లీ మ్యాచ్. నేను ఢిల్లీకి ఎప్పుడూ నక్షత్రం పెట్టలేదు. యాప్ తెరిచి చూస్తే హైదరాబాద్ పక్కన నేను పెట్టిన నక్షత్రం అలాగే ఉంది, దాని ముందున్న పేరూ చిహ్నమూ మారిపోయాయి. ఉంచాలా తీసేయాలా అని ఒక్క మాట అడగలేదు.

అంతటితో ఆగినా ఊరుకునేవాణ్ణి. పాత మ్యాచ్‌లు వెతికాను. 2022 మార్చి 20 ఫైనల్ పేజీ తెరిస్తే, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో 3-1తో గెలిచింది ఢిల్లీ అని ఉంది. కట్టిమణి, తవోరా, నార్జరీ, అందరి పేర్లూ ఢిల్లీ చిహ్నం కింద. నిషు కుమార్ ఎదురుగా ఉన్న మిస్ గుర్తుతో సహా అంతా కరెక్టే, గెలిచిన జట్టు పేరు తప్ప. యాప్ వాళ్లకి రాశాను. క్లబ్ రికార్డు ఒకటే కాబట్టి పాత మ్యాచ్‌లు కూడా కొత్త పేరుతోనే కనిపిస్తాయని జవాబొచ్చింది. వాళ్ల కంప్యూటర్‌కి అది సౌకర్యం కావచ్చు. కానీ ఆ రోజు ఆడింది హైదరాబాద్, కప్పు ఎత్తింది హైదరాబాద్, ఆ పేరు చూసుకునే మేమంతా అరిచాం. పాత మ్యాచ్‌కి ఆనాటి పేరు ఉంచడం అంత అసాధ్యమైన పనేమీ కాదు. 2019లో పూణే సిటీ స్థానంలోనే హైదరాబాద్ లీగ్‌లోకి వచ్చింది. అప్పుడు పూణే అభిమానుల గురించి ఎవరం ఆలోచించలేదు, వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

మరి పెట్టుకోవచ్చా అంటే, మీ పనిని బట్టి. సాయంత్రం ఏడున్నరకి టీవీ ముందు కూర్చోగలిగేవాళ్లకి ఇది అక్కర్లేదు, పైగా లైవ్ కంటే ముందే గోల్ చెప్పేసి చిరాకు పెడుతుంది. చూసేటప్పుడు అలర్టులు ఆపుకోండి. నాలాగా షాపులోనో, డ్యూటీలోనో ఉండి, ఆట నడుస్తోందన్న స్పృహ జేబులో ఉంటే చాలనుకునేవాళ్లకి దీన్ని మించినది నాకు దొరకలేదు. డబ్బు కట్టే వెర్షన్ అవసరం రాలేదు, ప్రకటనలు తప్ప అందులో తీసేసేది ఏమీ లేదు. ఢిల్లీ నక్షత్రం తీసేశాను. భారత జట్టుకీ శ్రీనిధికీ ఉంచాను. ప్లే స్టోర్‌లో నా రేటింగ్‌ని ఐదు నుంచి మూడుకి దించాను, కారణం కూడా రాశాను. ఆ ఫైనల్ పేజీలో హైదరాబాద్ పేరు తిరిగి పెట్టిన రోజు మళ్లీ ఐదు ఇస్తాను.