తిరుపతిలో పాత రెడ్ వైన్ కొనేవాళ్ళకి: మాగింది వేరు, పాతబడింది వేరు

పోయిన నెల మా అక్కాబావల పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. బావకి మాగిన రెడ్ వైన్ అంటే ఇష్టం. ఆయన కోసమని తిరుపతిలో ఒక పెద్ద హోటల్ బార్‌లో 2013 బోర్దో (ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరున్న ప్రాంతం) బాటిల్ తీసుకున్నాను. దానికొక్కదానికే 11,500 రూపాయల బిల్లు. రెండు గుక్కలు కూడా తాగలేకపోయాం. మీరెవరైనా ఇలాంటి రోజుకని డబ్బు దాచుకుని ఉంటే, దయచేసి ఇది చదివాకే కొనండి.

"పన్నెండేళ్ళ పాతది సార్, ఇంతకంటే మంచిది మా దగ్గర లేదు" అన్నాడు సర్వర్. అక్కడే ఆగి అడగాల్సింది. మన వైపు మామిడి తోటలున్నవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. ముదిరిన బేనీషా కాయ గడ్డిలో వేస్తే మాగుతుంది. లేతకాయ వేస్తే ముడుచుకుపోయి కుళ్ళుతుంది, ఎన్నాళ్ళుంచినా తీపి రాదు. వైన్ కూడా అంతే. ఏళ్ళ తరబడి నిలవాలంటే పుట్టుకతోనే దాంట్లో వగరు, పులుపు, పండు రుచి దండిగా ఉండాలి. బోర్దోలో 2013 బలహీనమైన సంవత్సరం. వసంతం చలిగా ఉండి పూత సరిగ్గా నిలవలేదు, కోతల సమయానికి వానలు, కుళ్ళు. ఆ ఏటి వైన్లలో ఎక్కువ భాగం తొందరగా తాగేయాల్సినవే. దాచుకోవాలనుకునేవాళ్ళు 2005, 2010 లాంటి ఏళ్ళవి చూసుకుంటారు.

బాగా మాగిన వైన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టే ఈ బాధ. కొన్నేళ్ళ కిందట బెంగళూరులో ఒక స్నేహితుడి ఇంట్లో బోర్దోలోనే సెయింట్ ఎమిలియన్ అనే చోటి 1998 వైన్ రుచి చూశాను. గ్లాసు వంచితే అంచున ఇటుక రంగు. ముందు ఎండుటాకుల వాసన, కాసేపటికి తోలు, పొగాకు, ఎండు అంజూర. నాలుకని పట్టేసే వగరు లేదు. ఆ వగరుకి కారణమైన టానిన్లు ఏళ్ళు గడిచేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, అడుగున మడ్డిగా దిగుతాయి. అందుకే నోట్లో అంత మెత్తగా ఉంటుంది. మింగాక కూడా చాలాసేపు ఆ రుచి వదల్లేదు.

మా గ్లాసుల్లోకి వచ్చింది కషాయం రంగులో ఉంది. ఉడికి మాడిన జామ్ వాసన, చివర్న వెనిగర్ పులుపు. అప్పుడు బాటిల్ చేతికి తీసుకున్నాను. వైన్ మట్టం మెడలోంచి దిగి భుజం కిందికి వచ్చేసింది. కార్క్ పక్కన కింది నుంచి పైదాకా మరక, మూతి రేకు లోపల జిగట. వేడికి వైన్ వ్యాకోచించి కార్క్ పక్కనుంచి బయటికి కారింది, చల్లబడినప్పుడు గాలిని లోపలికి లాక్కుంది. వెనక దిగుమతిదారు స్టిక్కర్ మీద 2016 అని ఉంది. అంటే మన ఎండల్లో తొమ్మిదేళ్ళు. 12, 14 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, అడ్డంగా పడుకోబెట్టాల్సిన బాటిల్‌ని ఆ బార్‌లో లైట్ల కింద షోకి నిలబెట్టారు. మే నెలలో తిరుపతి ఎండ సంగతి మీకు తెలిసిందే.

మేనేజర్‌ని పిలిస్తే, "ఓపెన్ చేశాక రిటర్న్ ఉండదు సార్. పాత వైన్ రుచి ఇలాగే ఉంటుంది" అన్నాడు. మొదటి మాట కంటే రెండో మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి తాగేవాళ్ళెవరైనా దాన్ని నమ్మేసి, మాగిన వైన్ అంటే ఇంతేనేమో అనుకుని మళ్ళీ దాని జోలికే పోరు.

కాబట్టి బాటిల్ తెరవకముందే మీ టేబుల్ దగ్గరికి తెప్పించుకోండి. సంవత్సరం, మట్టం, కార్క్ ఉబ్బిందా లేదా, దిగుమతి నెల చూడండి. ఎక్కడ ఉంచారో అడగండి, చూపించమనండి. ఫోటో తీసుకోండి. తెరిచాక ముందు ఒక్క గ్లాసులో కొంచెమే పోయించుకుని వాసన చూడండి. ఆ కాస్త పోయడం మర్యాద కోసం కాదు, వైన్ పాడైందేమో చూసుకోవడానికి. మాకు సర్వర్ నలుగురికీ నిండా పోసేశాడు, నేను ఆపలేదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం, అప్పుడూ వెనక్కి పంపండి. అడుగున మడ్డి కనిపిస్తే మాత్రం కంగారు పడకండి, అది దోషం కాదు. ముందు రోజే చెప్పి బాటిల్‌ని నిలబెట్టి ఉంచమంటే మడ్డి అడుక్కి చేరుతుంది. తర్వాత మెల్లగా వంచితే సరిపోతుంది.

బిల్లు, కార్క్, సగం మిగిలిన బాటిల్ ఇంటికి తెచ్చి దాచాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. హోటల్ నుంచి ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.