సైన్స్ పరిశోధన వైపు వెళ్లాలంటే ఎంపీసీనా, బైపీసీనా?

పదో తరగతి ఫలితాలు వచ్చింది మొదలు జూనియర్ కాలేజీల్లో అడ్మిషన్లు ముగిసేదాకా ఒకటే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "మా అమ్మాయికి సైన్సంటే ప్రాణం. డాక్టరూ వద్దు, ఇంజినీరింగూ వద్దంటోంది. ఐసర్‌లోనో, ఐఐఎస్సీలోనో చదువుతానంటోంది. ఏ గ్రూపు ఇప్పించమంటారు?" (ఐసర్లు, ఐఐఎస్సీ సైన్సు చదువుకూ పరిశోధనకూ పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థలు.) మెడిసినే కావాలంటే బైపీసీ, కంప్యూటర్ సైన్సే కావాలంటే ఎంపీసీ. అక్కడ ఆలోచించేదేమీ లేదు. తూకం వేయాల్సి వచ్చేది ఇలాంటి పిల్లల విషయంలోనే.

ముందు అర్హతల సంగతి చూద్దాం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తిరుపతితో కలిపి దేశంలో ఏడు ఐసర్లున్నాయి. వీటి బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిసిన) కోర్సుకు బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్‌లలో ఏవైనా మూడు చదివి, 60 శాతం మార్కులుంటే చాలు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 55 శాతం). అంటే బైపీసీ వాళ్లకూ తలుపు తెరిచే ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ నాలుగేళ్ల బీఎస్‌కు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ చదివి ఉండాల్సిందే. రేపు అక్కడ బయాలజీయే మేజర్‌గా తీసుకోవాలనుకున్నా సరే, ఇంటర్‌లో మ్యాథ్స్ లేకపోతే సీటు లేదు. ఐసర్ల ప్రవేశపరీక్ష ఐఏటీ ర్యాంకుతో ఐఐఎస్సీ కూడా సీట్లిస్తుంది కాబట్టి, ఐఏటీలో మంచి ర్యాంకు తెచ్చుకున్నాక ఈ ఒక్క నిబంధన దగ్గర ఆగిపోయే బైపీసీ పిల్లలుంటారు. ఐఐఎస్సీ కూడా మనసులో ఉంటే ఒట్టి బైపీసీని జాబితాలోంచి కొట్టేయండి.

ఇక ఐఏటీ. 3 గంటలు, 60 ప్రశ్నలు. నాలుగు సబ్జెక్టులకూ తలా 15. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత, మొత్తం 240. ఎంపీసీ విద్యార్థి బయాలజీని వదిలేస్తే 60 మార్కులు పోతాయి. బైపీసీ విద్యార్థి మ్యాథ్స్‌ను వదిలేస్తే పోయేదీ అదే 60. కాగితం మీద ఇద్దరూ సమానమే. కానీ పోయిన ఆ 60లో ఎవరెంత వెనక్కి తెచ్చుకోగలరన్నది చూస్తే సమానం కాదు. నా లెక్కలో తీర్పు చెప్పేది ఇదే: తర్వాత సొంతంగా నేర్చుకోగలిగేది ఏది, నేర్చుకోలేనిది ఏది?

బయాలజీ తర్వాతైనా చదువుకోవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో 19 అధ్యాయాలు, పన్నెండులో 13, మొత్తం 32. భాష అర్థమైతే, ఓపిక ఉంటే ఎవరూ చెప్పకపోయినా లోపలికి వెళ్లొచ్చు. మధ్యలో ఒక అధ్యాయం వదిలేసినా చాలావరకు తర్వాతిది ఆగిపోదు. మ్యాథ్స్ అలా కాదు. త్రికోణమితి రాకుండా ఇంటిగ్రేషన్ రాదు, లిమిట్స్ పట్టుబడకుండా డిఫరెన్షియేషన్ ఒట్టి సూత్రాల పట్టికగా మిగిలిపోతుంది. పైగా చదివితే వచ్చేది కాదు, చెయ్యి తిరగాలి. దానికి నెలలు పడతాయి.

పరీక్షలో ఇంకో తేడా ఉంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున ప్రశ్నకు పావు మార్కు వస్తుంది. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిసి మిగతా మూడింట్లో ఒకటి పెడితే సగటు 0.67కు పెరుగుతుంది. రెండు కొట్టేయగలిగితే ఒకటిన్నర. బయాలజీలో సగం తెలిసినవాడు ఒకటి రెండు ఆప్షన్లు తేలిగ్గా కొట్టేస్తాడు. మ్యాథ్స్‌లో సగం తెలిసినవాడు సగం దాకా లెక్క చేసి ఆగిపోతాడు, చేతికి వచ్చేది తక్కువ.

సీటు వచ్చాక ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. రోగికి సెలైన్‌లో మందు గంటకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కుతోంది. ఒంట్లో ఉన్న మందు ఎంతుంటే దానికి 0.2 రెట్ల వేగంతో గంటగంటకూ బయటికి పోతోంది. చివరికి ఒంట్లో మందు ఎంత దగ్గర నిలబడుతుంది? ఎక్కే వేగం, పోయే వేగం సమానమయ్యే చోట. 10ని 0.2తో భాగిస్తే 50 మిల్లీగ్రాములు. ఇక్కడిదాకా ఎవరైనా చెబుతారు. అందులో సగానికి, అంటే 25కు చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఇప్పుడు అవకల సమీకరణం రాసుకోవాలి, ఇంటిగ్రేట్ చేయాలి. 0.693ను (2కు సహజ లాగరిథమ్ విలువ) 0.2తో భాగిస్తే దాదాపు మూడున్నర గంటలు. ఈ 0.693 కెమిస్ట్రీలో ప్రథమ క్రమాంక చర్యల దగ్గర, ఫిజిక్స్‌లో రేడియోధార్మిక క్షయం దగ్గర, గుర్తు మారి బయాలజీలో జనాభా పెరుగుదల దగ్గర కనిపించేదే. బైపీసీ విద్యార్థి దాన్ని మూడు చోట్ల మూడు సూత్రాలుగా కంఠస్థం చేస్తాడు. ఇంటిగ్రేషన్ వచ్చినవాడికి మూడూ ఒకే సమీకరణం. ఐసర్‌లో, ఐఐఎస్సీలో మొదట్లో అందరికీ నాలుగు సబ్జెక్టులూ తప్పనిసరి కాబట్టి, ఇలాంటి లెక్కలు మొదటి సెమిస్టర్‌లోనే ఎదురవుతాయి. బయాలజీ కోసమే వచ్చాననే మాట అక్కడ చెల్లదు.

కాబట్టి నా మొగ్గు ఎంపీసీ వైపే. అయితే బయాలజీని పక్కన పెట్టుకునే ఎంపీసీ. రెండో ఏడాది పరీక్షలయ్యాక చూసుకుందామంటే కుదరదు. ఐఏటీ 2024లో జూన్ 9న, 2025లో మే 25న జరిగింది. మార్చిలో బోర్డు పరీక్షలు పోగా మిగిలేది రెండు నెలలు, అందులోనే జేఈఈలు. మొదటి ఏడాది పరీక్షలు అయిన వేసవి నుంచి వారానికో అధ్యాయం పెట్టుకుంటే డిసెంబరుకల్లా 32 అధ్యాయాలూ ఒకసారి అయిపోతాయి. ఒక్కోదానికి నాలుగు గంటలు: రెండు చదవడానికి, ఒకటి బొమ్మలు పేర్లతో సహా చూడకుండా గీయడానికి, ఒకటి బిట్లకు.

ఎంపీసీ పిల్లలు చేసే పొరపాటు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం. వర్గీకరణ, వృక్షరాజ్యం, జంతురాజ్యం అంటూ వరసబెట్టి లాటిన్ పేర్లు రాగానే మూడో వారానికి పుస్తకం మూసేస్తారు. కణం, జీవాణువులతో మొదలుపెట్టి జన్యుశాస్త్రంలోకి వెళ్లండి. 9:3:3:1 నిష్పత్తి, రక్తం గ్రూపులు, వంశవృక్షాల లెక్కలు సంభావ్యత తెలిసినవాళ్లకు ఒక పూటలో వస్తాయి. తర్వాత మానవ శరీరధర్మం, ఆవరణశాస్త్రం. వర్గీకరణ, మొక్కల అంతర్నిర్మాణం చివర్లో, పరీక్షకు దగ్గరగా చదివితేనే గుర్తుంటాయి.

బైపీసీ తప్పనిసరైతే, అంటే నీట్ కూడా గట్టిగా రాయాలనుకుంటే, మ్యాథ్స్ మొదటి ఏడాది జూన్‌లోనే మొదలవ్వాలి. రోజుకు గంట, పెన్ను చేతిలో పెట్టుకుని. ప్రమేయాలు, వాటి గ్రాఫులు, త్రికోణమితి, సరళరేఖలు, లిమిట్స్, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, అవకల సమీకరణాలు: ఈ వరస తప్పొద్దు. మాత్రికలు, సదిశలు, సంభావ్యత మధ్యలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. శాంకవాలు ఆఖరికి వదిలేసినా నష్టం తక్కువ. సాధారణంగా జరిగేదేమిటంటే, నేరుగా ఇంటిగ్రేషన్ వీడియోలు చూడటం, చూస్తున్నంతసేపు అర్థమైనట్టే ఉండటం, కాగితం మీద మొదటి త్రికోణమితి మార్పు దగ్గరే ఆగిపోవడం. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెలంగాణ ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ పేపర్లు రెండు గ్రూపులకూ ఒకటే అయినా చెప్పే తీరు ఒకటి కాదు. బైపీసీ సెక్షన్లలో ఫిజిక్స్ నీట్ బిట్ల కొలతకు కుదించి చెబుతారు. నాలుగు ప్రాక్టికల్ రికార్డులు రాస్తూ, ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లవాడికి ఆ రోజుకో గంట దొరకడం కూడా తేలిక కాదు.

మ్యాథ్స్, బయాలజీ రెండూ ఉండే ఎంబైపీసీ కుదిరితే అన్నిటికన్నా మేలు, పేరుకు కాకుండా నిజంగా చెబితే. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఇంటర్‌లో దీనికి వీలొచ్చింది. సీబీఎస్‌ఈలో ఇంగ్లిష్‌తో కలిపి ఐదు సబ్జెక్టులుగా నాలుగు సైన్సులూ తీసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. చేరేముందు కాలేజీలో రెండే అడగండి: వారం టైంటేబుల్‌లో మ్యాథ్స్ పీరియడ్లెన్ని, బయాలజీ పీరియడ్లెన్ని? ఆ రెండూ చెప్పే లెక్చరర్లు ఇప్పుడున్నారా, ఇకముందు వస్తారా? కాగితం మీద టైంటేబుల్ చూపించలేకపోతే ఎంపీసీలో చేరి బయాలజీ ఇంట్లో చదవడమే నయం.

ఎంపీసీ తీసుకుంటే మెడిసిన్ దారి పూర్తిగా మూసుకుపోతుందన్న భయం ఇప్పుడు పాతది. 12 పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్లు కూడా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో తేల్చింది. అయితే నీట్‌లో 720కి 360 బయాలజీవే. దారి ఉందనుకోవడం వేరు, ఆ దారిన ర్యాంకు తెచ్చుకోవడం వేరు.

మిగతావి రెండు ముక్కల్లో. ఐసర్ల లాంటివే అయిన సైన్సు సంస్థలు భువనేశ్వర్ నైసర్‌కు, ముంబై సీఈబీఎస్‌కు నెస్ట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. అందులోనూ నాలుగు సబ్జెక్టుల సెక్షన్లుంటాయి, ర్యాంకు ఎలా కడతారో ఆ ఏటి బ్రోచర్‌లో చూసుకోండి. ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) బీస్టాట్, చెన్నై సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) గణితం కోర్సులకు బయాలజీ ఊసే అక్కర్లేదు. బీఫార్మసీకి ఎంపీసీ, బైపీసీ రెండూ పనికొస్తాయి. అగ్రికల్చర్ బీఎస్సీయే లక్ష్యమైతే బైపీసీ తీసుకోండి.

బైపీసీ ఇప్పటికే పూర్తిచేసి ఐఐఎస్సీ నిబంధన ఇప్పుడు తెలిసినవాళ్లు ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్ర ఓపెన్ స్కూల్ బోర్డు) పార్ట్ అడ్మిషన్ కింద సీనియర్ సెకండరీ మ్యాథ్స్ (కోడ్ 311) ఒక్కటే రాయవచ్చు. ఎంపీసీ వాళ్లకు బయాలజీ కోడ్ 314. పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. వచ్చే వేసవి అడ్మిషన్లలో సీటు కావాలంటే దానికి ముందటి అక్టోబరు విడతలోనే రాసేయాలి, ఎందుకంటే ఏప్రిల్ విడత మెమో కౌన్సెలింగ్ గడువులోపు చేతికి రాకపోవచ్చు. విడిగా పాసైన సబ్జెక్టును ఒప్పుకుంటారా అన్నది ఫీజు కట్టకముందే ఐఐఎస్సీ అడ్మిషన్ల విభాగానికి ఈమెయిల్ రాసి, జవాబు తెప్పించుకుని దాచుకోండి.