అద్దమా, ఫొటోనా: తన బొమ్మ తాను గీసుకోవాలంటే

మోడళ్లకు ఇచ్చుకునే డబ్బు లేక డచ్ చిత్రకారుడు వాన్ గో అద్దం కొనుక్కుని తన ముఖాన్నే గీసుకున్నాడు. 1889 నాటి చిత్రంలో కట్టు కుడి చెవికి ఉన్నట్టు కనిపిస్తుంది. గాయమైంది ఎడమ చెవికి. అద్దం అలా తిప్పి చూపిస్తుంది. 1925 బస్సు ప్రమాదం తర్వాత మంచం పట్టిన మెక్సికన్ చిత్రకారిణి ఫ్రీడా కాలోకి కూడా పైన బిగించిన అద్దమే తోడైంది.

ఫొటో కదలదు, అందులో వెలుగు మారదు, పోలిక త్వరగా కుదురుతుంది. కానీ అది ఒక్క క్షణపు ముఖం. అద్దం ముందు గంటల తరబడి కూర్చుంటే అలసట, దిగులు, మొండితనం ఒక్కొక్కటే పైకి తేలతాయి. చూసేదీ తనే, కనిపించేదీ తనే. తనను తాను తెలుసుకోవాలని గీసేవాళ్లకు నేనైతే అద్దమే చేతికిస్తాను. చేతులు గీయడానికి మాత్రం ఫొటో మేలు. కుంచె పట్టిన చెయ్యి నిలకడగా ఉండదు.