క్యాంపర్‌లో డిష్: పైకప్పు మీదా, నేల మీదా?

క్యాంపర్ అంటే లోపలే బస చేసేలా అమర్చిన ప్రయాణపు బండి. దాని పైకప్పుకు బిగించిన టీవీ డిష్‌తో మోత బరువు ఉండదు, కేబుల్ కాళ్లకు అడ్డుపడదు. రోజుకో ఊరు తిరిగేవారికి అదే నయం. అయితే బండి చెట్టు నీడలో ఉంటే డిష్ కూడా నీడలోనే ఉంటుంది, కొమ్మలు సిగ్నల్‌ను మింగేస్తాయి. బెంగళూరు నుంచి హార్సిలీ హిల్స్ వెళ్లి ఎండలో బండి ఆపుకోవాలా?

అందుకే నా ఓటు మూడుకాళ్ల స్టాండుకే. బండి నీడలో, డిష్ ఆరుబయట. గురిపెట్టడానికి మాత్రం ఓపిక కావాలి. దూరదర్శన్ వారి ఉచిత టీవీ సేవ అయిన ఫ్రీ డిష్ ప్రసారాలు అందించే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉంది. బెంగళూరు నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కున, సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఫోనులోని దిక్సూచిని బండికి దూరంగా పట్టుకోండి, ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకు లాగుతుంది. ముందు స్టాండు నిటారుగా ఉందో లేదో చూడాలి, అది ఒరిగితే కోణాల లెక్కంతా తప్పుతుంది. తర్వాత డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ టీవీ తెరమీద సిగ్నల్ నాణ్యత చూపే క్వాలిటీ గీతను గమనించాలి. గాలికి పడకుండా కాళ్ల మధ్య నీళ్ల క్యాను వేలాడదీయండి.

జోరువాన కురిస్తే రెండింటికీ ఒకటే గతి, బొమ్మ ఆగిపోతుంది. మిగతా వేళల్లో ఫ్రీ డిష్‌లో దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి నెలనెలా చందా లేకుండానే వస్తాయి.