అరకులో కాఫీ: తోట చూడ్డం వేరు, కప్పు తాగడం వేరు

అరకు వెళ్లి మొదటి కప్పు తాగాక చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఇంత పేరుంది, పల్చగా ఉందేమిటి?" ఈ మాటకు రెండు కారణాలున్నాయి. ఒకటి కాఫీది, రెండోది కొట్టుది.

అరకులో పండేది ఎక్కువగా అరబికా అనే కాఫీ రకం. చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలపని అరబికా డికాక్షన్ పల్చగానే దిగుతుంది. పులుపు, వాసన ముందుంటాయి, చేదు వెనక ఉంటుంది. ఏళ్ల తరబడి చికోరీ కలిపిన పొడికి అలవాటు పడిన నాలుకకు ఇది నీళ్లలా అనిపించడం సహజం. మన దేశంలో కాఫీ-చికోరీ పొడిలో 51 శాతం కాఫీ ఉంటే చాలు, మిగతా 49 శాతం చికోరీ అయినా చట్టం ఒప్పుకుంటుంది. ఆ చిక్కదనం, ఆ నల్లరంగు చాలావరకు చికోరీవే. ఇక కొట్టు సంగతి. ఘాట్ రోడ్డు పక్కన 'అరకు కాఫీ' అని బోర్డు పెట్టిన చాలాచోట్ల గ్లాసులో పడేది పాలు, పంచదార, ఇన్‌స్టంట్ పొడి. కాఫీ తోటల మధ్యే నిలబడి ఇన్‌స్టంట్ తాగి వచ్చేయడం బాధగా ఉంటుంది. అందుకే ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "డికాక్షనా, ఇన్‌స్టంటా?" ఫిల్టర్ చూపించగలిగితే కూర్చోండి. లేకపోతే అక్కడ అల్లం టీ తాగండి, అది చాలాచోట్ల బాగుంటుంది.

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట మీదుగా. రైలంటే కిరండూల్ పాసింజర్. ఉదయం 7 లోపే బయల్దేరి, అంతా సవ్యంగా ఉంటే 11 ప్రాంతంలో అరకులో దించుతుంది. కొత్తవలస-కిరండూల్ లైను ఇనప ఖనిజం కోసం వేసింది, ఇప్పటికీ గూడ్సు బళ్ల రద్దీ ఎక్కువే. కాబట్టి గంట ఆలస్యాన్ని లెక్కలో వేసుకునే మిగతా ప్లాన్ చేసుకోవాలి. 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ వచ్చింది. సీటు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు గనక లోయ ఏ పక్కన పడుతుందన్న బెంగ లేదు. దానికి టికెట్ వారాల ముందే చేయించుకోవాలి. దొరక్కపోతే మామూలు బోగీ కిటికీ పక్క సీటు తక్కువేం కాదు. తెరిచిన కిటికీలోంచి తగిలే చల్లగాలి అద్దాల బోగీలో ఉండదు. మా సలహా: వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. తోటలు, వ్యూపాయింట్లు, కాఫీ కొట్లు అన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. తిరుగు ప్రయాణం మాత్రం మధ్యాహ్నమే మొదలుపెట్టండి. చలికాలంలో అనంతగిరి ఘాట్‌లో సాయంత్రానికే మంచు దిగి ముందు బండి కనిపించదు.

బొర్రా గుహలకు రైల్లోనే దిగి తర్వాత జీపో ఆటోనో పట్టుకుని అరకు రావచ్చు. గుహ పెద్దది, లోపల మెట్లు చెమ్మగా ఉంటాయి, నున్నటి చెప్పులతో వద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సగం దాకా దిగి చూసినా గుహ గొప్పతనం తెలుస్తుంది. ఇక్కడ ఎక్కువసేపు ఆగాల్సింది బయట, బొంగులో చికెన్ దగ్గర.

దాని సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది కూడా ఇక్కడే. అసలు పద్ధతి ఇది: పచ్చి వెదురు బొంగు, ఒక కొసన కణుపు మూసి ఉండాలి. ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, నూనె, నీళ్లు లేకుండా బొంగులో కూరతారు. పైన నాలుగు వేళ్లంత ఖాళీ వదిలి ఆకుతో గట్టిగా బిరడా వేస్తారు. నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి, తిప్పుతూ, 30 నుంచి 45 నిమిషాలు కాలుస్తారు. పచ్చి వెదురులోని చెమ్మ ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. ఆ పచ్చి వాసనే ఈ వంటకు ప్రాణం. చెడిపోయే తీరు మూడు రకాలు. ఎండిన బొంగైతే పగిలి రసం కారిపోయి ముక్క పీచులా అవుతుంది. నిప్పుల మీద కాక మంట మీద పెడితే బయట నల్లబడుతుంది, ఎముక దగ్గర మాత్రం పచ్చిగా ఉంటుంది. బొంగు నిండా కుక్కితే ఆవిరి తిరగడానికి చోటుండదు, మధ్య ముక్కలు ఉడకవు. ఇక నాలుగోది మోసం: ముందే వండిన మసాలా కూరను బొంగులో పోసి వేడిచేసి ఇవ్వడం. పళ్లెంలో పోయగానే నూనె తేలిందంటే అదే. పొయ్యి ఎక్కే ముందు బొంగు పచ్చగా ఉందా, ముక్కలు పచ్చివా అని కళ్లతో చూసి, పచ్చి మాంసం తూకం ఎంతో, ధర ఎంతో ముందే మాట్లాడుకోండి. బిరడా అంచున నురగ పొంగి, ఆవిరి సన్నగా వస్తే ఉడికినట్టు. తొందరపెట్టొద్దు. ఆర్డర్ ఇచ్చి గుహ చూసొస్తే సరిగ్గా సరిపోతుందని కొందరంటారు గానీ, దగ్గరుండి చూడటమే నయం.

తోటల్లో మా ఓటు అనంతగిరి, సుంకరమెట్ట వైపు తోటలకు. సుంకరమెట్ట దగ్గర తోటలో చెక్క వంతెన ఉంది. దాని మీద నడుస్తుంటే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు మూడు అంతస్తులుగా కనిపిస్తాయి. ఫొటోల గుంపు వచ్చేలోగా, ఉదయం 9 లోపు వెళ్లండి. ఎప్పుడు వెళ్లాలన్నది మీరు ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. వేసవి మొదట్లో వాన పడితే కొద్ది రోజులకే తెల్లటి పూలు విచ్చుకుంటాయి, మల్లెల్లాంటి వాసన, రెండు మూడు రోజుల్లో వాడిపోతాయి. పండ్లు కోసేది నవంబరు నుంచి జనవరి దాకా.

కాఫీ ఇష్టపడేవాళ్లు కోతల కాలంలోనే రావాలి. ఒకే కొమ్మ మీద పచ్చ కాయ, పసుపు కాయ, ఎర్ర పండు పక్కపక్కనే ఉంటాయి. అందుకే కోత ఒక్కసారితో తీరదు, ఎర్రబడినవి ఏరుకుంటూ మూడు నాలుగు విడతలు తిరగాలి. కొమ్మంతా ఒకేసారి దూసేస్తే పచ్చి కాయలు కలిసి కప్పులో గడ్డి వాసన, ఒగరు వస్తాయి. పండు నొక్కితే జారుడు గుజ్జుతో రెండు గింజలు బయటపడతాయి. గుజ్జు తియ్యగా ఉంటుంది. కోసిన పళ్లను నీళ్లలో పోస్తే పురుగు పట్టినవి, తాలువి తేలతాయి, తీసి పారేస్తారు. తొక్క తీసి, ఒక రోజు పైచిలుకు పులియబెట్టి, కడిగి, ఎత్తు మంచెల మీద ఆరబెడితే అది పార్చ్‌మెంట్. తొక్కతోనే ఎండబెడితే చెర్రీ. దాదాపు 6 కిలోల పళ్లకు ఒక కిలో పచ్చి గింజ మిగులుతుంది, వేయిస్తే అందులో మళ్లీ 15 శాతం దాకా పోతుంది. మట్టి నేల మీద ఆరబోసిన గింజ మట్టివాసన పట్టుకుంటుంది, ఎంత బాగా వేయించినా పోదు. ఇంకొక్క మాట. ఆ మొక్కలు చాలాచోట్ల గిరిజన కుటుంబాలవి. ఫొటో కోసం గుప్పెడు పళ్లు తెంపితే పోయేది వాళ్ల కూలి. అడిగి లోపలికి వెళ్లండి, కొమ్మలు వంచొద్దు.

అరకు ఊళ్లో కాఫీ మ్యూజియం గిరిజన మ్యూజియానికి దగ్గర్లోనే ఉంది. చూడ్డానికి అరగంట చాలు, రకరకాల కాఫీలు ఒకేచోట రుచి చూడొచ్చు. అక్కడ పాలు లేని కప్పు ఒకటి, పాలతో ఒకటి తీసుకుని పక్కపక్కన పెట్టుకుని తాగితే తేడా నాలుకకు తెలుస్తుంది. గిరిజన మ్యూజియానికి ఇంకో గంట కేటాయించండి. పద్మాపురం తోట పిల్లలుంటే సరే, లేకపోతే వదిలేయొచ్చు. చాపరాయి దగ్గర నీళ్లు రాతి మీద పరుచుకుని పారతాయి. పాచి పట్టిన చోట కాలు నిలవదు, జాగ్రత్త.

బసకు పర్యాటక శాఖ హరిత రిసార్టులు అరకులోనూ, అనంతగిరిలోనూ, టైడాలోనూ ఉన్నాయి. ఊరు, మ్యూజియాలు ముఖ్యమైతే అరకు. నిశ్శబ్దం, పిట్టలు కావాలంటే టైడా. పొద్దున్నే తోటల్లో నడవాలంటే అనంతగిరి. డిసెంబరు, జనవరిలో ఈ మధ్య టెంట్ల బస బాగా పెరిగింది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడే కాలంలో పల్చటి గుడారంలో, నేల మీద పరుపంటే తెల్లారేసరికి పైకప్పు లోపలే మంచు చెమ్మ కారుతుంది. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే గదే తీసుకోండి. గది చెప్పేటప్పుడు అడగాల్సినవి: వేడినీళ్లు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, ఒక్కొక్కరికి ఎన్ని రగ్గులు ఇస్తారు. శని, ఆదివారాల రేటు, మంగళవారం రేటు ఒకటి కావు. వారం మధ్యలో వస్తే గదీ చవకే, దారీ ఖాళీయే.

రిసార్టుల్లో సాయంత్రం మంట వేసి గిరిజనుల నృత్యం థింసా ఆడిస్తారు. చూడదగ్గదే. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి, గొలుసులా, పాములా మెలికలు తిరుగుతారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగుతాయి. కాళ్లను చూడండి, అందం అంతా అక్కడుంది: అన్ని పాదాలూ ఒకే లెక్కన ముందుకూ వెనక్కూ పడతాయి. బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది, పొతర్ తోలలో ఆకులు కోయడం కనిపిస్తుంది, బాగ్ థింసా పులి గురించి. రిసార్టులో అరగంటకు కుదించినది తప్ప ఇవన్నీ ఆడరు. అసలు ఊపు చైత్రమాసంలో ఊళ్లలో ఉంటుంది. మధ్యలో దూరి సెల్ఫీలు దిగితే అడుగు తప్పి వరుస తెగిపోతుంది. చివర్లో వాళ్లే పిలుస్తారు, అప్పుడు కలవండి. డబ్బులివ్వాలనుకుంటే బృందం పెద్ద చేతిలోనే పెట్టండి.

పత్రికలు, టీవీలు, రీల్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం నిరాశకు మూలం అవే. అరకు కాఫీకి 2018లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది, 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, 2024 జూన్ 30న ప్రధాని 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. అన్నీ నిజమే, గర్వపడాల్సినవే. కానీ పతకం ఏరిన గింజలతో చేసిన ఒక బ్రాండుకు వచ్చింది, అరకు అని రాసిన ప్రతి పొట్లానికీ కాదు. భౌగోళిక గుర్తింపు ఆ గింజ ఎక్కడిదో చెబుతుంది గానీ ఎంత బాగా వేయించారో చెప్పదు. వార్తల్లో ఈ తేడా రాసేవాళ్లు తక్కువ. రీల్స్ సంగతీ అంతే. వంజంగి కొండ మీంచి కనిపించే మేఘాలు, పసుపుపచ్చ వలిసె పూలు చలికాలపు దృశ్యాలు. అవే వీడియోలు వేసవిలో మళ్లీ తిరుగుతాయి, నమ్మి మార్చిలో వచ్చినవాళ్లకు ఎండిన కొండలు కనిపిస్తాయి. వంజంగికి పాడేరు వైపు వెళ్లాలి, చీకటితోనే కొండెక్కాలి. ఎండ ఎక్కితే మేఘాలు కరిగిపోతాయి.

ఇంటికి తెచ్చుకునే కాఫీ విషయంలో, గిరిజన సహకార సంస్థ దుకాణం నమ్మకమైన మొదటి మెట్టు. 1956 నుంచి గిరిజనుల దగ్గర పంట కొంటున్న సంస్థ అది. ఎక్కడ కొన్నా పొట్లం తిప్పి చూడండి: చికోరీ శాతం ఎంత, వేయించిన తేదీ ఉందా. ప్యాకింగ్ తేదీ మాత్రమే ఉంటే గింజ ఎప్పుడు వేగిందో తెలియదు. మర ఉంటే గింజలే కొనండి. పొడి అయితే తెరిచాక రెండు వారాల్లో వాసన తగ్గుతుంది, అందుకే 200 గ్రాములకు మించి వద్దు.

చికోరీ లేని పొడికి ఇంట్లో పాత కొలత పనికిరాదు. 40 గ్రాముల పొడి ఫిల్టర్‌లో వేసి, మెల్లగా అదిమి, 200 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, పొడి 80 దాకా పట్టి ఉంచుకుని 120 దించుతుంది. అది ముగ్గురికి. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు, వదులుగా ఉంటే అయిదు నిమిషాల్లో కారిపోయి పల్చనవుతుంది. ఇరవై నిమిషాలు పడితే సరిగ్గా ఉన్నట్టు. అరకు ఎత్తులో నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, దించగానే పోసేయొచ్చు. విశాఖలో పొయ్యి ఆపాక ఓ నిమిషం ఆగి పోయండి, చేదు తగ్గుతుంది. పాలు డికాక్షన్‌కు రెండింతలు దాటితే అరబికా పులుపు మునిగిపోతుంది. మొదటి రోజు పంచదార లేకుండా తాగి, తర్వాత ఎంత కావాలో మీరే వేసుకోండి.