సూర్యారావుపేటలో తుంటి ఆపరేషన్ ‘ప్యాకేజీ’ తీసుకునేవారూ, జాగ్రత్త

ఆ ఎముకల ఆసుపత్రే, ‘అన్నీ కలిపి ఒకే ధర’ అనేది. బెజవాడ వాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కరలేదు. 78 ఏళ్ళ నాన్న ఆదివారం రాత్రి జారిపడ్డారు, తుంటి విరిగింది, సోమవారం ఉదయం చేర్చాం. ప్యాకేజీ 1,85,000. బేరమాడి అయిదు వేలు తగ్గించానని ఇంటికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఘనుణ్ణి.

బుధవారం ఆపరేషన్ బాగానే జరిగింది. గురువారం రాత్రి జ్వరం, ఆయాసం, పసుపుపచ్చ తెమడ. డ్యూటీ డాక్టర్ మంచం దగ్గరకు రాకుండానే ‘పెద్దవాళ్ళకు మామూలే’ అని పారాసెటమాల్ రాశారు. శుక్రవారం ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. నిమోనియా. తెమడను కల్చర్‌కు, అంటే ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్షకు, పంపకుండానే యాంటీబయాటిక్ మార్చారు. ఆక్సిజన్ పడిపోయి ఐసీయూకు తరలించాక గాని, కల్చర్ అనే పరీక్ష ఒకటుందని వారికి గుర్తు రాలేదు. క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా అని తేలింది, అప్పటిదాకా ఎక్కించిన మందుకు లొంగని రకం. మెరోపెనెం అనే మరో యాంటీబయాటిక్ మొదలుపెట్టాకే జ్వరం దిగింది.

ఇదంతా ఒక ఎత్తు, బిల్లింగ్ కౌంటర్ మరొక ఎత్తు.

అదనంగా 2,40,000 కట్టమన్నారు. మేనేజరు ఫైలు తెరవనైనా తెరవకుండా, ‘నిమోనియా మీ నాన్నగారు ఇంటి నుంచే తెచ్చుకున్నారండి, దానికి మేము ఏమి చేస్తాం’ అన్నాడు. సోమవారం మీ ఫిజీషియనే ఎక్స్‌రే చూసి ఊపిరితిత్తులు బాగున్నాయని సంతకం పెట్టారు కదా అన్నాను. చేరిన 48 గంటల తరువాత మొదలైతే అది ఆసుపత్రిలో వచ్చిన నిమోనియా కిందే లెక్క. ఇది నా తెలివి కాదు, డాక్టర్లు చదువుకునే నిర్వచనమే. అప్పుడు ఆయన నవ్వాడు. ప్యాకేజీ కాగితం తిప్పి, అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు: ‘ఆసుపత్రిలో వచ్చే ఇన్‌ఫెక్షన్ల చికిత్స అదనం’. ‘చదివే కదా సార్ సంతకం పెట్టారు?’ నిమిషం కిందట ఇంటి నుంచి తెచ్చుకున్న జబ్బు, కాగితం తిప్పేసరికి ఆసుపత్రిలో వచ్చిన జబ్బయింది! వెనుక నలుగురు నిలబడి చూస్తున్నారు. నోరు మూసుకుని కార్డు ఇచ్చాను.

నా నిర్వాకమూ చెప్పాలి. మత్తు పూర్తిగా వదలకముందే, వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో చెంచాతో జావ పోసింది నేనే. పొలమారింది. అలా ఊపిరితిత్తుల్లోకి జారడం, కదలకుండా పడుకోవడం, నోరు శుభ్రంగా లేకపోవడం, ఈ వయసులో ఇవే నిమోనియాకు దారులని తరువాత వేరే ఛాతీ వైద్యుడు చెప్పారు. మంచం కాళ్ళవైపు తలభాగం ఎత్తే పిడి ఉంది. ఏ నర్సూ తిప్పలేదు, నాకూ తట్టలేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు గత నెలే యాంటీబయాటిక్ ఇంజక్షన్లు వేయించామని ఫారంలో రాశాను. 90 రోజుల లోపు అవి వాడినవారికి మొండి క్రిములు సోకే ముప్పు ఎక్కువట. ఆ ఫారం ఎవరు చదివారు గనుక! పద్నాలుగు రోజులు సూదులు వేయాలన్నదీ వీరే. బాగా కోలుకుంటున్నారు, ఏడు రోజులు చాలు అన్నది ఆ ఛాతీ వైద్యుడు.

అన్నట్టు, వెళ్ళక తప్పనివారు ప్యాకేజీ కాగితం వెనుకవైపు కూడా చదవండి. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తించండి. జ్వరం వస్తే తెమడ కల్చర్‌కు పంపారా అని అడగండి. కేస్ షీట్ నకలు అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. నేను కాగితం మీద రాసిచ్చి నేటికి అయిదో రోజు.